బుజ్జికి నోరెవరిచ్చారు?

సైన్స్ ఫిక్షన్ సినిమాలో నవ్వించడానికని పెట్టిన రోబో ప్రేక్షకుణ్ణి విసిగిస్తే తప్పెవరిది? 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైనప్పటి నుంచీ నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో ఈ తగువు నడుస్తూనే ఉంది. ఒక పక్షం మామ. చేవెళ్ల ప్రాంతంలో హైస్కూలు తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు బంతి, చామంతి వేసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపుతున్నాడు. వయసులో ఉండగా బుర్రకథ దళంలో హాస్యం వంత. రెండో పక్షం ఆయన మేనకోడలు. మొయినాబాద్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ఏఐ చదువుతోంది. ఇద్దరికీ సినిమా అంటే ప్రాణం. అందుకే ఇద్దరూ తగ్గరు. మొన్న చేవెళ్ల తోటలో జరిగిన వాదాన్ని వాళ్ల మాటల్లోనే ఇస్తున్నాను. ఒకటి రెండు చోట్ల నేనూ నోరు కలిపాను, ఆగలేక.

మేనకోడలు: ‘కల్కి’ల ఆ మాట్లాడే బుజ్జి బండిని చూసినవు గదా మామా. సుమారు ఆరు టన్నుల బరువు. ముందర రెండు పెద్ద చక్రాలు, వెనుక బంతి లెక్క గుండ్రంగ ఒకటే చక్రం. ఉత్త గ్రాఫిక్స్ కాదు. మహీంద్రా ఇంజినీర్లు, కోయంబత్తూరుల జయేం వాళ్లు కలిసి నిజంగనే తయారుచేసిన్రు. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీల ప్రభాస్ అందుల కూసోనే జనం ముందరికి వచ్చిండు. ఆ వెనుక చక్రం ఎట్ల తిరుగుతదని మేం క్లాసుల బోర్డు మీద గీసుకున్నం. గసొంటి బండికి సినిమాల ఏం పని ఇచ్చిన్రు? హీరో భైరవను దెప్పుడు, ఆయన మాటకు మాట అంటించుడు. కీర్తి సురేశ్ గొంతు మంచిగనే ఉన్నది. ఆ గొంతుకు ఇచ్చిన మాటలతోనే నాకు పంచాయితీ.

మామ: ముచ్చట పెట్టుడు పని కాదా బిడ్డా? భైరవ ఒంటరోడు. ఎవ్వలతోని నిజం మాట్లాడడు. కాంప్లెక్స్ అనే జాగకు పోవాలె, దానికి పది లక్షల యూనిట్లు కావాలె, గదే వాని ధ్యాస. ఆ బండిల బుజ్జి లేకుంటే వాని మనసుల ఏమున్నదో మనకెట్ల ఎరుక? అద్దాల చూసుకుంట ఒక్కడే మాట్లాడుకుంటడా? రాజు పక్కన విదూషకుణ్ణి కాళిదాసు ఉత్తగనే పెట్టిండా?

మేనకోడలు: విదూషకుడంటే తిండిపోతు బాపనాయనే గదా?

మామ: తిండిపోతే. గని శాకుంతలంల మాఢవ్యుడు ఏం చేసిండో చూడు. దుష్యంతుడు వానికి శకుంతల ముచ్చట చెప్తడు. రాజధానికి పంపే ముందర, వీడు అంతఃపురంల వాగుతడేమోనని భయపడి, గదంత పరాచికానికి అన్న, నిజమనుకోకు అంటడు. వాడు నమ్మి పోతడు. తర్వాత శాపం తగిలి రాజు శకుంతలను మరిచిపోతే, యాదికి తేగల మనిషి వాడొక్కడే. వాడు నోరు తెరవలేదు. ఉంగరం దొరికినంక రాజు అడుగుతడు, నువ్వన్న యాది చెయ్యకపోతివేమని. పరాచికమని నువ్వే అంటివి గదా అంటడు వాడు. సూడు, నవ్వించేటోని మీదనే కథ నిలబడ్డది.

మేనకోడలు: నేననేది గదే మామా! మాఢవ్యుణ్ణి తీసేస్తే శాకుంతలం నడవది. బుజ్జి జోకులు తీసేస్తే కల్కి ఎక్కడ ఆగుతది? బండి ఉంటది, చేజింగ్ ఉంటది, కథ అట్లనే పోతది. పది నిమిషాలు ముందుగాల అయిపోతది, గంతే.

ఇక్కడ మామ కాసేపు మాట్లాడలేదు. చామంతి మళ్లలో నడిచి వెళ్లి డ్రిప్ పైపు ఒకటి సరిచేసి వచ్చాడు. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న అని నాకూ అనిపించింది. ఒక పాత్ర విసిగిస్తోందంటే అది ఎక్కువ మాట్లాడడం ఒక్కటే కారణం కాదు. దాని మాటకు కథలో ఎవరూ మూల్యం చెల్లించకపోవడం అసలు కారణం.

మామ: నేను బుర్రకథల హాస్యం జేసినోణ్ణి. కథకుడు నడిమిట్ల తంబుర పట్టుకోని ఉంటడు. ఒక పక్క రాజకీయం వంత, ఒక పక్క హాస్యం వంత. రాజకీయం చెప్పేటోడు కథను ఇయ్యాలటి లోకానికి ముడిపెడ్తడు. హాస్యం చెప్పేటోడు ఏం జేస్తడు? జనం మనసుల ఉన్న అనుమానం వాడు అడుగుతడు. కథకుడు పెద్ద పెద్ద సమాసాలల్ల పోతుంటే, జర ఆగవయ్యా, గదేందో మాకు సమజయ్యేటట్టు చెప్పు అంటడు. సైన్స్ సినిమాకు గసొంటోడు ఇంకా ఎక్కువ అవసరం. 2898 అంటున్నరు, కాంప్లెక్స్ అంటున్నరు, యూనిట్లు అంటున్నరు. ఊరోళ్లకు ఎవ్వలు విడమరిచి చెప్పాలె?

మేనకోడలు: పల్నాటి యుద్ధం చెప్పేటప్పుడు, బాలచంద్రుడు పడిపోయే ఘట్టంల నువ్వు జోకు వేస్తుంటివా?

మామ: ఎట్ల వేస్త? నోరు మెదపకపోదును. డక్కీ కూడ సప్పుడు తగ్గించి కొడ్దును. ముందటి వరుసల ముసలవ్వలు కొంగు నోట్ల పెట్టుకోని ఏడుస్తుంటే నవ్వించేటోడు మనిషేనా?

మేనకోడలు: నీకు ముందటి వరుస కనపడ్డది. గందుకే ఆగినవు. సినిమాల రోబోకు ఎవ్వలు కనపడ్తరు? దానికి పెదవులు గూడ లేవు. హీరో మాట మార్చాలంటే పెదవి కదలిక కలవాలె, మళ్ల షూటింగ్ పెట్టాలె. రోబోకు ఆ బాధ లేదు. సినిమా అంత అయిపోయినంక, ఎడిటింగ్‌ల ఎక్కడన్న సల్లగ ఉందనిపిస్తే డబ్బింగ్ థియేటర్ల మైకు ముందర ఇంకొక జోకు చెప్పిస్తరు. తెల్లారి ఇంకొకటి. ముఖం కదలని పాత్ర అయితే ఎన్ని మాటలన్న కుక్కొచ్చు. ఈ విసుగు గాడ తయారయితది మామా. నోరు లేదు గనుకనే దాని నోట్ల మాటలు ఎక్కువైతయి.

ఆమె చెప్పిన ఈ మాట నాకు ఎంతో నచ్చింది. హాస్యం రోబోల గురించి జనం తిట్టుకోవడం విన్నాను గానీ, ఆ జోకులు ఏ గదిలో, ఏ దశలో పుడతాయో ఆలోచించినవాళ్లు తక్కువ. మన సినిమాకు ఇది కొత్త జబ్బు కూడా కాదు. కథతో సంబంధం లేకుండా కామెడీ ట్రాక్‌ను వేరే రచయిత చేత రాయించి, వేరేగా తీసి, మధ్యమధ్య అతికించిన రోజులు మనకు తెలుసు. ఆ ట్రాకుల్లోనూ కోట, బాబూమోహన్‌ల వంటి నటులు తమ ఒంటితో, కంటితో ప్రాణం పోశారు కాబట్టి అవి బతికాయి. రోబోకు ఆ ఒళ్లు లేదు.

ఒళ్లు ఉన్నచోట ఏమవుతుందో ‘స్టార్ వార్స్’ చూపించింది. 1977 నాటి ఆ సినిమాలో బంగారు రంగు సీ-త్రీపీఓ క్షణం తీరిక లేకుండా భయపడుతుంది, గొణుగుతుంది. ఆ లోహపు కవచం లోపల ఉన్నది ఆంథోనీ డేనియల్స్. దర్శకుడు జార్జ్ లూకస్ మొదట ఆ పాత్రకు పాత కార్లు అమ్మే దళారి గొంతు ఊహించుకున్నాడు. వేరే గొంతుల కోసం వెతికాడు కూడా. చివరికి డేనియల్స్ గొంతే ఉంచాడు. ఆ చిన్న చిన్న అడుగులు, మోచేతులు వంచి నిలబడే తీరు, ఆ గొంతు ఒకే మనిషివి. విడదీస్తే పాత్ర చెడిపోయేది. ఇంకో సంగతి. ఆ సినిమా కథను రెండు రోబోల వెంట నడిపించాలన్న ఆలోచన కురొసావా 1958లో తీసిన ‘హిడెన్ ఫోర్ట్రెస్’ నుంచి వచ్చింది. అందులో తగువులాడుకునే ఇద్దరు పేద రైతుల కళ్లతోనే మనం యుద్ధాన్ని చూస్తాం. అంటే వాళ్లు కథ పక్కన కూర్చున్న విదూషకులు కారు. కథకు కళ్లు వాళ్లవే.

ఇది చెబితే మామ ఎగిరి గంతేశాడు.

మామ: సూడు! రైతులు! నవ్వించేటోళ్లు కిందిస్థాయోళ్లే. మన తోలుబొమ్మలాటల చూడు. రాముడు, రావణుడు అట్ల ఉండంగ నడుమ కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తరు. రామాయణంల లేరు వాళ్లు, ఊర్లె నుంచి తెరమీదికి ఎక్కిన్రు. రాజుల కథల ఊరోని గొంతు వినపడాలంటే గదే దారి. రోబో గూడ అంతే. పెద్దపెద్ద హీరోల నడుమ పనిజేసేటోని గొంతు.

మేనకోడలు: పనిజేసేటోని గొంతా, పనిజేసేటోణ్ణి చూసి నవ్వుడా? ఈ రెండు వేరు మామా. నువ్వు నా చిన్నప్పుడు టీవీల ఒక పాత సినిమా వస్తుంటే కట్టేసినవు. యాదున్నదా? హీరో కోస్తా భాష మాట్లాడ్తడు. మన భాష ఎవ్వలు మాట్లాడ్తరు? రౌడీ, లేకుంటే వాచ్‌మన్, లేకుంటే నవ్వించేటోడు. వాడు నోరు తెరిస్తే చాలు, జోకు అవసరం లేదు, థియేటర్ నవ్వుతది. గప్పుడు నీకు కోపం వచ్చింది. నేను మాట్లాడే భాషనే నవ్వులాట జేసిన్రు అన్నవు.

మామ: అన్న. ఇప్పటికీ అంట.

మేనకోడలు: మరి యంత్రాన్ని అదే జాగల నిలబెడ్తే ఎందుకు కోపం రాదు?

మామ: యంత్రానికి ఏం నొప్పి బిడ్డా? మనిషి యాసను, రంగును, బక్కపానాన్ని చూసి నవ్వుడు బందయితే మంచిదే గదా. దాని జాగల ఒక రేకు డబ్బాను చూసి నవ్వితే ఎవ్వని మనసూ నొవ్వది. నేనైతే దాన్ని పురోగతి అంట.

మేనకోడలు: రేకు డబ్బాను చూసి నవ్వుతున్నరు అనుకుంటున్నవు. దాని లోపల మనిషినే పెడ్తరు. 2009ల వచ్చిన రెండో ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ సినిమాల స్కిడ్స్, మడ్‌ఫ్లాప్ అని రెండు రోబోలు ఉంటయి. ఎప్పుడూ కొట్టుకుంటయి, వంకర మాట్లాడ్తయి, మాకు చదువు రాదంటయి. ఒకదానికి బంగారు పన్ను. అమెరికాల నల్లజాతోళ్లను ఎక్కిరించే పాత వేషాలను ఇనుముల పోతపోసిన్రని అప్పుడే గొడవైంది. డైరెక్టర్ మైకేల్ బే పిల్లల కోసం సరదాగ పెట్టినమన్నడు. మనిషి మీద వెయ్యలేని జోకును యంత్రం మీద వేసి తప్పించుకున్నరు. గందుకే నాకు భయం. బుజ్జి ఏంది? హీరో ముచ్చట వినుకుంట, తిట్లు పడుకుంట, బండి తోలుకుంట ఉండే ఆడగొంతు. మనిషే అయి ఉంటే ఆ పాత్రను ఇట్లనే రాస్తుండెనా?

మామ దీనికి సూటిగా జవాబు చెప్పలేదు. ‘ఫిదా’ పేరెత్తాడు. 2017లో ఆ సినిమాలో సాయి పల్లవి బాన్సువాడ పిల్లగా తెలంగాణ మాట మాట్లాడితే రాష్ట్రాలు రెండూ ప్రేమించాయని, 2023లో ‘బలగం’ చూసి ఊళ్లకు ఊళ్లు ఏడ్చాయని అన్నాడు. భాష మారలేదు, దాన్ని ఎవరి నోట పెట్టారన్నదే మారింది. ఆయన ఆ ఉదాహరణ తన వాదానికి బలమనుకుని చెప్పాడు. నాకు మాత్రం మేనకోడలి వాదానికే బలమనిపించింది. అంతలో మామ ఫోన్ మోగింది.

ఎత్తి స్పీకర్ పెట్టాడు. బోరు దగ్గర బిగించిన మొబైల్ స్టార్టర్ అది. లోపల సిమ్ కార్డు ఉంటుంది. కరెంటు వచ్చినా పోయినా, మోటారు నడిచినా ఆగినా రైతుకు ఫోన్ చేసి చెబుతుంది. రికార్డు చేసిన ఆడగొంతు, ఒక్కొక్క పదం విడివిడిగా, పరీక్ష పేపర్ చదివినట్టు: నీరు లేనందున మీ మోటారు నిలిపివేయబడినది. మళ్లీ అదే మాట. వంటింట్లోంచి అత్తమ్మ గట్టిగా జవాబిచ్చింది, “అయితే నువ్వన్న జర నీడకు కూసోవే తల్లీ!” ముగ్గురం నవ్వాం.

మామ: సూసినవా? యంత్రం నవ్వించింది.

మేనకోడలు: యంత్రం ఎక్కడ నవ్వించింది? అది సీరియస్‌గ తన పని చేసింది. బోర్ల నీళ్లు లేకుండ నడిస్తే మోటారు కాలిపోతది. గది కాకుండ ఆపి, నీకు చెప్పింది. నవ్వు అత్తమ్మ తెచ్చింది. రేపు కంపెనీ వాళ్లు ఆ స్టార్టర్‌కు జోకులు నేర్పితే? అర్ధరాత్రి మోటారు ఆగితే ఫోన్ చేసి ముందుగాల ఒక చమత్కారం చెప్పి, తర్వాత నీళ్లు లేవని చెప్తే?

మామ: పీకి పారేస్త.

మేనకోడలు: గంతే మామా నేను చెప్పేది. యంత్రానికి నవ్వు రాదు. అది నవ్వించాలని చూస్తే విసుగు. అది తన పని తాను చేస్తుంటే, దాని తీరుకు మనం నవ్వుతం. ‘మాయాబజార్’ల శర్మ, శాస్త్రి మంచం ఎక్కంగనే అది గిర్రున తిరిగి కింద పడేస్తది, కంబళి చుట్టేస్తది. మంచం ఒక్క మాట మాట్లాడుతదా? 1957 నుంచి ఇప్పటిదాక నవ్వుతనే ఉన్నం.

మామ: మంచం మాట్లాడదు, ఒప్పుకుంట. గని చిట్టి మాట్లాడ్తడు గదా. 2010ల ‘రోబో’ చూసినప్పుడు నువ్వు చిన్నపిల్లవు. మొదటి సగం అంత చిట్టిని చూసి మస్తు నవ్వినవు.

మేనకోడలు: నవ్విన. ఎందుకు నవ్విన? చెప్పిన మాట చెప్పినట్టే పట్టుకుంటడు. మనుషుల మర్యాద, మొహమాటం తెలవదు. ఆ తెలవకపోవుడే నవ్వు. తర్వాత బిల్డింగ్ కాలుతుంటే అదే చిట్టి లోపలికి పోయి ఒక్కొక్కరిని తెస్తడు. స్నానం చేస్తున్న పిల్లను బట్టలు లేకుండనే అందరి ముందటికి, కెమెరాల ముందటికి తెచ్చి నిలబెడ్తడు. ప్రాణం కాపాడిన గదా అనుకుంటడు. ఆ పిల్ల సిగ్గుతోని ఉరికి లారీ కింద పడి చచ్చిపోతది. ఏ గుణాన్ని చూసి నవ్వినమో గదే గుణం మనిషిని చంపింది. డైరెక్టర్ శంకర్ అక్కడ గెలిచిండు. ఆ సినిమాల నాకు విసుగు తెప్పించింది చిట్టి కాదు, సైంటిస్టు పక్కన ఉండే ఇద్దరు అసిస్టెంట్లు. సంతానం, కరుణాస్ మంచి నటులే, గని వాళ్లకు కథల పని లేదు. రోబో నవ్వించిన కాడ మనుషులు విసిగించిన్రు. రోబో అయినా మనిషి అయినా రోగం ఒక్కటే.

ఈ చివరి మాటతో ఆమె తన వాదాన్ని తానే పెద్దది చేసుకుంది. మామ కూడా అది గమనించాడు.

మామ: అట్లయితే నీ కొట్లాట రోబోతోని కాదు, రాసేటోనితోని. ఆ ‘ఇంటర్‌స్టెల్లర్’ల నిలువు పలకల లెక్క ఉండే రోబో, టార్స్. జోకులు వేస్తది గదా. నువ్వే నాకు చూపించినవు.

మేనకోడలు: వేస్తది. గని దాని హాస్యం ఎంత శాతం ఉండాలెనో మనిషి చెప్తడు. ఎక్కువైతే తగ్గించుమంటడు. నిజాయితీకి గూడ అట్లనే ఒక లెక్క, తొంభై శాతం. ఆ లెక్క వింటుంటే నవ్వొస్తది, భయమైతది గూడ. మిగిలిన పది శాతంల అది ఏం దాస్తున్నదో తెలవదు. జోకు లోపల్నే కథ ఉన్నది. ఇంకొకటి చెప్త, నీకు నచ్చుతది. టార్స్‌ను చాలామటుకు కంప్యూటర్ల గీయలేదు. బిల్ ఇర్విన్ అనే ఆయన ఆ బరువైన బొమ్మ వెనుక నిలబడి, తన చేతులతోని నడిపించుకుంట మాట్లాడిండు. ఆయన అసలు పని ఏందో ఎరుకేనా? రంగస్థలం మీద విదూషకుడు.

మామ: ఇగో, మళ్ల మా కేతిగాని కాడికే వచ్చినవు! తెరవెనుక మనిషి, చేతిల బొమ్మ, ఎదురుంగ నటులు. గా మనిషికి అవతలోని ముఖం కనపడుతది. ఎక్కడ ఆగాలెనో తెలుస్తది. నువ్వు ఇందాక అన్న డబ్బింగ్ గది రోగానికి మందు మా తోలుబొమ్మలాటోళ్ల కాడ ఎప్పటి నుంచో ఉన్నది.

మేనకోడలు: అది నేను ఒప్పుకుంట. బుజ్జి మాట చెప్పే మనిషిని షూటింగ్ కాడనే, ప్రభాస్ ఎదురుంగ కూసోబెట్టి మాట్లాడించమను. ఆయన నవ్వితే ఆపాలె, నవ్వకుంటే గూడ ఆపాలె.

మామ: రెండో భాగం వస్తది గదా. అందుల బుజ్జిని ఏం చెయ్యమంటవు?

మేనకోడలు: అబద్ధం చెప్పనియ్యాలె. భైరవ సినిమా అంత అందరికీ అబద్ధాలు ఆడుకుంట తిరిగిండు. బుజ్జి పక్కన్నే కూసోని అన్ని విన్నది. నేర్చుకునే యంత్రం గదా, అది గూడ నేర్చుకోవాలె. ఒక అవసరం పడ్డ రోజు భైరవకే అబద్ధం చెప్పాలె. ఆయన కోసమో, ఆ సినిమాల కడుపుతోని ఉన్న ఆమె బిడ్డ కోసమో. అప్పుడు మొదటి భాగంల మాటలన్నిటికీ లెక్క వస్తది. మీ మాఢవ్యుని లెక్క.

మామ: మంచిగున్నది. గని ఒకటి చెప్త విను. నీ లెక్కంత పెద్దోళ్ల లెక్క. ఆ సినిమాకు ఐదేండ్ల పిల్లగాండ్లను గూడ తోలుకపోయిన్రు. ఒక దిక్కు అశ్వత్థామ నుదుటి మీద రాచపుండు, ఇంకొక దిక్కు విలన్ యాస్కిన్ ఒంటికి గొట్టాలు. ఆ పిల్లోడు మూడు గంటలు ఎవ్వలను పట్టుకోని కూసోవాలె? బుజ్జిని పట్టుకోని కూసున్నడు. నీకు విసుగనిపించిన జోకుకే వాడు కిలకిల నవ్విండు. నేను పక్క సీట్ల ఉన్న.

మేనకోడలు: పిల్లల కోసం ‘బుజ్జి అండ్ భైరవ’ కార్టూన్ వేరే తీసిన్రు గదా. సినిమా కంటె ముందే, మే 31న వచ్చింది. జోకులు గండ్ల పెట్టుకోమను.

మామ: గది ప్రైమ్‌ల వచ్చింది. నెలనెలా పైసలు కట్టేటోళ్లకు వచ్చింది. చేవెళ్లల టికెట్ కొనుక్కోని కూసున్న పిల్లోనికి ఏమున్నది? వాని నవ్వు వానికి థియేటర్లనే కావాలె.